ఎవరూ పిలవనివాడు నావాడు

నవంబరు 3, సోమవారం

నా పేరు ఎరుకమ్మ అని మొదట రాయి టీచరమ్మా. వయసు డెబ్బై నాలుగో, ఐదో. చదువు లేదు. ఇది సంఘానికి చూపించేది కాదు, ఏ ఆఫీసుకూ ఇచ్చేది కాదు. వాళ్ళకు మినిట్సు పుస్తకం ఉంది. ఎవరు ఎప్పుడు ఏమన్నారో అందులో తిరగేసి చూసుకుంటారు. నాకు నోరు తప్ప ఏమీ లేదు. పది రోజులు పోయాక నేను ఏమన్నానో నాకే చదివి వినిపించడానికి ఒక పుస్తకం కావాలి. అంతే.

రాజకుమారి టీచరు మా పక్కింటి మనిషి, నన్ను అక్క వరసతో అప్పా అంటుంది. ఈ దీవిలోని తెలుగు బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది. నేను ఒకలా చెబితే తను బడి మాటలో రాస్తుంది. రాసుకోనీ, అక్షరం తనది. మనుషులు అన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే రాయాలని ఒట్టు వేయించాను.

ఈ పొద్దున మా మత్స్యకారుల సంఘం నుంచి కాగితం వచ్చింది. "అక్టోబరు ఇరవై తొమ్మిదిన ఒడ్డు సెట్టు నిర్వహణలో జరిగిన నిర్లక్ష్యం కారణంగా" అని మొదలట. ఆ రోజు నూకన్న డింగీ దారి తప్పి మర్నాటి దాకా నీళ్ళ మీద తేలింది. తప్పు ఎరుకమ్మది. కనుక వైర్‌లెస్ సెట్టు అప్పజెప్పాలి. ఈ నెల ఇరవై మూడున సభ. వచ్చి చెప్పుకోవలసింది ఉంటే చెప్పుకోవచ్చు.

నిర్లక్ష్యం! సునామీ తర్వాత సెట్లు వచ్చినప్పటి నుంచి ఇరవై ఏళ్ళు ఈ వరండాలో కూర్చున్నాను. జ్వరం వస్తే మంచం ఇక్కడికి తెచ్చి వేయించుకున్నాను. ఈ మాట పెద్ద అక్షరాలతో రాయి.

టీచరమ్మ అన్ని అక్షరాలూ ఒకే సైజులో ఉండాలంటోంది. సరే.


నవంబరు 4, మంగళవారం

నా పని ఏమిటో ముందు చెబుతాను. సభలో ఎవరికీ వినే ఓపిక ఉండదు.

మా జెట్టీ నుంచి వెళ్ళేవి ఇరవై ఏడు డింగీలు. నా వరండాలో పెద్ద సెట్టు, వెదురు గడకు కట్టిన ఏరియలు. పడవల్లో చేతి సెట్లు. నా గొంతు అందరికీ అందదు. ఉత్తరాన కొండ అడ్డం, దక్షిణాన సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల కొమ్ము అడ్డం. అందుకని ఒక పడవవాడు ఇంకొక పడవవాడికి చెప్పాలి. ఒక్కొక్కడు ఒక్కడికే చెప్పాలి. ఇద్దరికి చెబుతానన్నవాడు ఇద్దరినీ మరిచిపోతాడు, ఇది నేను చూసి నేర్చుకున్నది. అలా గొలుసులు కట్టుకుంటూ పోతే, ఎవరి వంతుకూ రానివాళ్ళు ముగ్గురో నలుగురో మిగులుతారు. వాళ్ళను నేను పిలుస్తాను. ఎవరూ పిలవనివాడు నావాడు. ఇరవై ఏడు మందిని తిప్పడానికి నేను పిలవవలసింది ఆ నలుగురినే.

కానీ పడవ ఒకచోట ఉండదు కదా. అందుకే నా పక్కన చేట. చేటలో తడి ఇసుక, ఇసుకలో ఇరవై ఏడు గవ్వలు. లంగరు మార్చిన ప్రతివాడూ చెబుతాడు, నేను గవ్వ జరుపుతాను. పొద్దున నావాళ్ళు వేరు, మధ్యాహ్నం నావాళ్ళు వేరు. ఒకడి ఇంజను ఆగిందనుకో, ఒకడి సెట్టు తడిసిందనుకో, గొలుసు తెగుతుంది. తెగిన చోట ఎవడు మిగిలాడో వేలితో చూస్తాను. వాడు ఆ క్షణం నుంచి నావాడు.

ఇంకొకటి. చేతి సెట్టు నెత్తిన బిళ్ళ ఉంటుంది. తిప్పితే టిక్కు టిక్కుమని పదహారు నెంబర్లు. మామూలుగా అందరం పదహారులో ఉంటాం. అక్కడ ఎవడైనా అడ్డం పడితే, కావాలని బటన్ నొక్కి పట్టుకుని మా మాట సాగనివ్వకపోతే, ఎవరినీ అడగకుండా అందరం ఆ రోజు తిథిలోకి వెళ్ళిపోతాం. పాడ్యమి ఒకటి, విదియ రెండు. పౌర్ణమికీ అమావాస్యకూ పదిహేను. కళ్ళు మూసుకున్నా వేళ్ళకు టిక్కులు తెలుస్తాయి. అడ్డం పడ్డవాడికి మేం ఎటు పోయామో తెలియదు. సముద్రం మీద బతికేవాడికి తిథి ఎవరూ చెప్పనక్కరలేదు, పోటు చూస్తే తెలుస్తుంది. తెల్లారేటప్పుడు ఏ తిథో రోజంతా అదే, మధ్యలో మారదు. ఈ కట్టు పెట్టింది నేను.

చదువుకున్నవాడు ఎవడైనా దీంట్లో తప్పు చూపించమను.


నవంబరు 5, బుధవారం

పౌర్ణమి. గాలి లేదు. ఇరవై ఏడూ వచ్చాయి.


నవంబరు 8, శనివారం

నూకన్న సంగతి. నూకన్న మా ఆయన తమ్ముడి కొడుకు. పరాయివాడు కాదు.

ఆ రోజు పొద్దున పదహారులో గోల మొదలైంది, ఎవరో తెలియదు. అందరం తిథిలోకి మారాం. అందరికంటే దక్షిణాన ఉన్నవాడు నూకన్న. సాయంత్రం వాడి ఇంజను ఆగింది. వాడు పిలిచాడట, ఎవరికీ వినపడలేదు. బ్యాటరీ అయిపోయి ఉంటుంది. మర్నాడు పొద్దెక్కాక ఇంకో డింగీలో వెళుతున్న పైడిబాబుకు కనపడ్డాడు, తాడు కట్టి లాక్కొచ్చాడు. ఒంటికి ఏమీ కాలేదు. నాలుగు రోజులు జ్వరం.

ఈరోజు కుళాయి దగ్గర నూకన్న పెళ్ళాం కాళమ్మ నన్ను చూసి బిందె దించింది.

"అత్తా, బేటరీ అయిపోనాదని సెప్తన్నావట. తీసుకొచ్చీసరికి రెండు గీతలున్నాయి. నా కల్లతో సూసినాను."

"గీతలకేటి తెలుస్తాదే, తడిస్తే ఉన్నట్టే సూపిస్తాది."

"నీ సెవుల్లో కూడా తడే ఉన్నట్టున్నాది," అంది.

పదిమందిలో అంది. నా బిందె అక్కడే వదిలేసి వచ్చాను. బ్యాటరీయే.


నవంబరు 9, ఆదివారం

బ్యాటరీ.


నవంబరు 12, బుధవారం

సంఘం సెక్రెటరీ యుగంధర్ వచ్చాడు. ఈ దీవిలో పుట్టినవాడే, వాడి తాతకు వల అల్లడం నేర్పింది మా నాన్న. మంచి బట్టలు, సగం హిందీ కలిసిన మంచి మాట. కిందటి నెల కొండ మీద టవరు పెట్టించింది వీడే. ఇప్పుడు పదహారులో ఎవడు మాట్లాడినా మాట ముందు కొండ ఎక్కుతుంది, అక్కడి నుంచి అందరికీ ఒకేసారి దిగుతుంది. మిగతా నెంబర్లకు మాత్రం పాత గొలుసే. నిజం చెప్పాలంటే బాగుంది. ఉత్తరాన పడవలో లోకనాథం తుమ్మినా వినపడుతోంది.

"మామ్మా, సమ్‌ఝో. నీ మీద కోపం కాదు. టవరొచ్చేసింది, ఇంకా ఈ చేట, ఈ గవ్వలు ఎందుకు? ఆరామ్ సే కూర్చో."

"ఆ టవరు గొంతు పట్టుకుంటే ఏటి సేస్తావురా?"

"కౌన్ పకడేగా? కొండెక్కి ఎవరొస్తారు?"

"కొండెక్కాలా? సెట్టున్నోడు సముద్రంలో కూకుని బటన్ నొక్కి ఉంచితే సాలదేటి? ఇప్పటిదాకా ఒకడి నోరు మూస్తే ఒకడే మూగోడు. నువ్వందరి నోరూ ఒక్కసోట పెట్టినావు."

వాడు నవ్వాడు. "మామ్మా, నువ్వు మిలిటరీలో ఉండాల్సింది," అన్నాడు. వెళుతూ వెళుతూ కొత్త ఆర్డరు చెప్పాడు. ఇక ఎవరూ పదహారు వదిలి వెళ్ళకూడదట. తిథులు గిథులు బంద్.

వాడు జెట్టీ దాటక ముందే పదహారులో గుయ్యిమని మొదలైంది. పావుగంట ఎవరి మాటా లేదు. తర్వాత దానంతట అదే పోయింది. కిందటి నెల బాబ్జీ పడవలోని రెండు సెట్లలో ఒకటి పోయింది. ఎవడి చేతిలో పడిందో. పై దేశాలకు అమ్ముకోవడానికి రేవుల్లో దొంగతనంగా సముద్రపు పురుగులు ఏరుకునేవాళ్ళు తిరుగుతున్నారని అందరూ అనుకుంటున్నారు. మనవాళ్ళు వాళ్ళను చూసి పోలీసుకు చెప్పకుండా ఉండాలంటే ఏం చేస్తారు? నేనైతే ఇదే చేస్తాను.

యుగంధర్‌కు ఫోను చేయించాను. "వెదర్ ప్రాబ్లం మామ్మా," అన్నాడు.


నవంబరు 16, ఆదివారం

సెట్టు తీసుకుపోయారు. సభ దాకా ఆగలేదు. "తాత్కాలికంగా" అని రాసుకొచ్చారు. ఇద్దరు వచ్చారు, నా మొహం చూడలేదు. వేలిముద్ర వేయమన్నారు, వేశాను. ఏరియలు విప్పడానికి పైకెక్కినవాడికి నేనే నిచ్చెన పట్టుకున్నాను. పడితే ఆ నింద కూడా నాకే వస్తుంది.

బల్ల మీద సెట్టు ఉన్న చోట దుమ్ము లేని నలుపలకల మచ్చ ఉంది.


నవంబరు 17, సోమవారం

ఏమీ లేదు. రాయకు.


నవంబరు 18, మంగళవారం

మొదటి నుంచీ చదవమన్నాను. టీచరమ్మ చదివింది. నాలుగో తేదీ దగ్గర నా గొంతు నాకే ముచ్చటేసింది. ఎనిమిదో తేదీ దగ్గరికి వచ్చేసరికి బ్యాటరీ. తొమ్మిదిన బ్యాటరీ. ఆ మాట విన్న ప్రతిసారీ తను కళ్ళద్దాలు తుడుచుకుంది.

"ఏటి టీచరమ్మా?"

"ఏమీ లేదప్పా."

"రాస్తన్నప్పుడు కూడా ఇలాగే తుడిసినావు. ఏటది?"

తను కళ్ళద్దాలు తీసి పుస్తకం మీద పెట్టింది. తర్వాత, "ఆ రోజు కేలండరు చదివింది నేను కదా," అంది.

అవును. ఆమే చదివింది. వైజాగ్ షిప్పులో వచ్చిన కేలండరు, తిథి ఏ నిమిషానికి మారుతుందో కూడా ఉంటుంది అందులో. ఆ ఇరవై తొమ్మిదిన తెల్లారేటప్పటికి సప్తమి. నా కట్టు ప్రకారం రోజంతా ఏడు. తొమ్మిది దాటాక టీచరమ్మ చదివి, "అప్పా, అష్టమి వచ్చేసింది," అంది. ఆ తర్వాతే పదహారులో గోల. మామూలుగా అయితే నోరెత్తక్కరలేదు, అందరూ ఏడులోకి పోతారు. నేను ఏడులోకి వెళ్ళి పిలిచి, "ఎనిమిది, ఎనిమిది" అని నా నలుగురికి చెప్పాను. నాకూ అచ్చు అక్షరం తెలుసని చూపించుకోవాలనిపించింది. డెబ్బై ఏళ్ళుగా ఆకాశాన్ని బట్టి చెప్పినదాన్ని ఒక్కరోజు పుస్తకాన్ని బట్టి చెప్పాలనిపించింది. ఎంత గొప్పగా అనిపించిందో చెప్పలేను.

గొలుసు పట్టుకుని మాట ఇరవై ఆరు మందికి వెళ్ళింది. ఆఖరివాడు నూకన్న, వాడికి అందలేదు. అందిందా అని నేను అడగలేదు. వాడు సాయంత్రం ఏడులో పిలిచాడు. మేం ఎనిమిదిలో ఉన్నాం. వాడి సెట్టుకు ఏమీ కాలేదు.

ఇది రాయి. కొట్టేయకు. నీ పేరు వద్దంటే తీసేయి.

వద్దని తను అనలేదు. తన పేరు ఇక్కడే ఉంది, రాజకుమారి.


నవంబరు 21, శుక్రవారం

నిన్నటిది ఇవాళ చెబుతున్నాను. నిన్న చెప్పడానికి గొంతు లేదు.

నిన్న అమావాస్య. పొద్దున పదికి పదహారులో మళ్ళీ గుయ్యి. ఈసారి ఆగలేదు. నాకు సెట్టు లేదు, కాళమ్మ వాళ్ళింట్లో మోగుతుంటే కంచె ఇవతల నుంచి విన్నాను. మధ్యాహ్నం అయ్యేసరికి పడమర నీలం పోసినట్టయింది. యుగంధర్ ఫోనుకు తుపాను గాలి కబురు వచ్చింది. కొండెక్కాడు, టవరు దగ్గర ఏదేదో తిప్పాడు. తిప్పుతుండగానే మొదటి గాలి విసురుకు టవరు వంగిందట. తడిసి ముద్దై నా వరండా ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"మామ్మా, సబ్ బంద్ హో గయా. ఇరవై ఏడూ బయటే ఉన్నాయి."

నాకు తిట్టడానికి చాలా మాటలు ఉన్నాయి. ఒక్కటీ రాలేదు. ఎందుకంటే నాకు జెట్టీ మూతి కనపడుతోంది. అమావాస్య పోటు మీద పడమటి గాలి తోలితే అక్కడ అల నిలువుగా లేచి విరుగుతుంది. గాలి చూసినవాడు ఇంటికే పరిగెత్తుతాడు. ఇంటికి వస్తే ఆ మూతిలో పడతాడు. వాళ్ళు రావాల్సింది ఇంటికి కాదు, కొమ్ము వెనక ఖాడీలోకి, అల రాని ఆ నీటిపాయలోకి. ఆ మాట వాళ్ళకు చేరాలి.

అప్పుడు కాళమ్మ వచ్చింది. చేతిలో పాత చేతి సెట్టు, పగిలితే నైలాను తాడు చుట్టారు.

"తిట్టడానికైనా నువ్వే, పిలవడానికైనా నువ్వే. పట్టు," అంది.

తీసుకున్నాను. బిళ్ళ మీద వేళ్ళు పెట్టాను. టీచరమ్మ పక్కనే ఉంది, కేలండరు చేతిలో పట్టుకుని. "అప్పా, పన్నెండు దాటాక పాడ్యమి వచ్చేసింది," అంది. అని తన నోరు తనే మూసుకుంది.

"తెల్లారేటప్పటికేటి?"

"అమావాస్య."

"మరింకేటి." పదిహేను టిక్కులు తిప్పాను.

రాయి టీచరమ్మా, ఇది మాత్రం మెల్లగా రాయి. పదిహేనులో మావాళ్ళు ఉన్నారు. సంఘం వద్దంది, సెక్రెటరీ బంద్ అన్నాడు, పిలిచే ముసలిదాని సెట్టు లాక్కున్నారు. అయినా పదికి గుయ్యిమనగానే ఒక్కొక్కడూ తనంతట తను బిళ్ళ తిప్పుకుని అక్కడికి వచ్చేశాడు. పైడిబాబు ఎవడినో తిడుతున్నాడు. ఆ తిట్టు వినగానే బటన్ నొక్కాను.

"పైడిబాబూ!"

"ఎవురూ? మామ్మా నువ్వేనేటి? నీ సెట్టు లాగీసినారు గదా!"

"సెట్టు లాగినారు గాని నా నాలిక లాగలేదురా. ఎక్కడున్నావు?"

వాడు కొమ్ముకు ఇవతల ఉన్నాడు. ఈ బొమ్మ సెట్టుతో నాకు అందేది వాడొక్కడే. వాడి మాట ఉత్తరాన కొందరికి అందుతోంది. కొమ్ముకు అవతల ఇంకో గుంపు. వీళ్ళ మాట వాళ్ళకు లేదు, వాళ్ళది వీళ్ళకు లేదు. ఇంటికి పరిగెడదామా, ఉందామా అని రెండు వైపులా తగువు.

ఎప్పుడూ నలుగురు నావాళ్ళు. నిన్న ఒక్కడే. ఆ ఒక్కడితోనే అందరినీ తిప్పాలి. చేట తెమ్మన్నాను. కాళమ్మ గవ్వలు పెట్టింది, నేను చెప్పినచోటల్లా.

"పైడిబాబూ, కొమ్ము మొన దగ్గరకెల్లి లంగరెయ్యి. అక్కడ రెండు పక్కలా నీకు కనపడతాయి."

"అల పెద్దదున్నాది మామ్మా."

"నాకు తెలుసు. ఎల్లెహె."

వెళ్ళాడు. ఒక్కడు ఇద్దరికి చెప్పకూడదని నేనే కట్టు పెట్టాను, నిన్న వాడొక్కడికే ఆ కట్టు సడలించాను. ఉత్తరాన పదకొండు మందికి ఒక గొలుసు, ఆఖరివాడు లోకనాథం. దక్షిణాన పదిహేను మందికి ఒక గొలుసు, ఆఖరివాడు నూకన్న. మొదటి మాట: వలలు ఎత్తండి, కదలకండి. వెళ్ళిన మాట ఆఖరివాడి దగ్గర నుంచి వెనక్కి రావాలన్నాను. వచ్చేదాకా రెండో మాట చెప్పను.

యుగంధర్ ఆగలేకపోయాడు. "మామ్మా, ఖాడీ అని చెప్పేయ్, జల్దీ, టైం లేదు!"

"సగం మందికి సెబితే సగం మంది ఆళ్ళకి అడ్డం తగుల్తారు. కూకో."

లోకనాథం నుంచి వచ్చింది. నూకన్న నుంచి రాలేదు. గాలికి నా పెంకులు లేస్తున్నాయి. కాళమ్మ నా భుజం పట్టుకుంది, ఎంత గట్టిగా పట్టుకుందంటే ఇవాళ నల్లగా కమిలింది. అప్పుడు పైడిబాబు, "నూకన్న అన్న ఇన్నాడంట మామ్మా, పెద్దమ్మ గొంతేనా అని అడుగుతన్నాడు," అన్నాడు.

"కాదు, మీ నాయనమ్మదని సెప్పు."

రెండో మాట వెళ్ళింది. జెట్టీకి రావద్దు, కొమ్ము వెనక ఖాడీలోకి. ఒకడి వెనక ఒకడు.

సగం దారిలో బాబ్జీ ఇంజను ఆగింది, సెట్టు కూడా నీళ్ళలో పడింది. దక్షిణపు గొలుసు వాడి దగ్గర తెగింది. వాడి వెనక అయిదు పడవలు. మధ్యలో మాట మారితే వాళ్ళకు చెప్పేవాడు లేడు. చేటలో చూశాను. ఆ అయిదుగురూ ఇప్పుడు నావాళ్ళు, కానీ నా గొంతు వాళ్ళకు అందదు. ఏం చేయను?

అటు నుంచి నూకన్న చేశాడు. ముందు నుంచి మాట రావడం మానేసిందని వాడికి అర్థమైంది. ఆఖరివాడు ముందుకు తిరిగి, తన ముందున్న నలుగురినీ తనే పిలుచుకుంటూ, బాబ్జీ దాకా వచ్చి, తాడు విసిరి, అవతలివాడికి గొంతు అందేదాకా నడిపాడు. నేను చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. గొలుసును రెండో కొస నుంచి కట్టాడు వాడు.

నాలుగున్నరకు పైడిబాబు లెక్క చెప్పాడు. "ఇరవై ఏడు మామ్మా. నాతో కలిపి."

యుగంధర్ మెట్టు మీద కూర్చుని ఏడ్చాడు. కాళమ్మ ఏడవలేదు. నా చేతిలో సెట్టు తీసుకుని, "పైడిబాబూ, మీ నూకన్న అన్నకి సెప్పు. ఖాడీలో సేపలు పట్టుకుంటా కూకోకుండా, గాలి తగ్గగానే తిన్నగా రమ్మను," అంది.


నవంబరు 22, శనివారం

పోలీసు పడవకు పక్క రేవులో ఒక ఖాళీ బోటు దొరికిందట. మనుషులు పారిపోయారు. అందులో బాబ్జీ పోగొట్టుకున్న సెట్టు. బటన్ మీద రబ్బరు బ్యాండు బిగించి ఉంది. అంతే, ఒక రబ్బరు బ్యాండు.


నవంబరు 23, ఆదివారం

సభ. ఇంతమందిని ఆ షెడ్డులో ఎప్పుడూ చూడలేదు. డాలీగంజ్ ఊరి నుంచి కూడా చుట్టాలు వచ్చారు. యుగంధర్ మెచ్చుకోలు తీర్మానం రాసుకొచ్చాడు, చదవబోయాడు.

"ఆగు. ముందు నా కేసు తేల్చు," అన్నాను.

"కేసు లేదు మామ్మా. ఖతమ్. సెట్టు నీదే."

"ఉన్నాది. నూకన్న తప్పిపోనాది నా వల్లే. అది పుస్తకంలో రాయి."

ఏడు, ఎనిమిది, కేలండరు, నా గొప్ప, అన్నీ చెప్పాను. బ్యాటరీ అని అబద్ధం చెప్పిన సంగతి కూడా. టీచరమ్మ లేచి, "చదివింది నేను," అంది. నూకన్న నిలబడ్డాడు.

"నాకు తెలుసు పెద్దమ్మా. నాను ఏడులో అరుస్తన్నాను, ఒక్కడూ పలకలేదు. సెట్టు బాగానే ఉన్నాది. నువ్వే ఎప్పుడో సెప్తావని ఊరుకున్నాను."

"ఊరుకున్నాడట!" కాళమ్మ వెనక నుంచి అంది. "ఇంట్లో నా సెవులు కొరికీసినాడు."

షెడ్డు రేకులు ఎగిరేలా నవ్వారు. నేనూ నవ్వాను. ఇరవై ఐదు రోజుల తర్వాత.

సెట్టు తీసుకుంటాను గానీ ఊరికే కాదన్నాను. టవరు నిటారుగా నిలబెట్టండి, మంచిదే, వద్దనను. కానీ అది పోయినరోజు తిథి ఉండాలి. మాట మారిస్తే ఆఖరివాడి నుంచి తిరిగి రావాలి, చెప్పింది నేనైనా సరే. ఒడ్డున నాతో పాటు కాళమ్మ కూర్చుంటుంది, నా కుడి చెవి సరిగా వినపడడం లేదు. ఇది కూడా మొదటిసారి చెబుతున్నాను. ఇక ప్రతి గురువారం నేను ఎవరికీ చెప్పకుండా గొలుసులో ఏదో ఒకటి పాడు చేస్తాను.

"పాడు చేస్తావా?" యుగంధర్ అడిగాడు.

"దొంగోడు సెప్పి వస్తాడేటి?"

చేతులెత్తమన్నారు. లెక్కపెట్టక్కరలేకపోయింది.


నవంబరు 27, గురువారం

ఇవాళ నన్ను నేనే పాడు చేసుకున్నాను.

పదికి వరండాలో పెద్ద సెట్టు ఆపేశాను. కొండ మీద టవరు కూడా ఆపమని యుగంధర్‌కు ముందే చెప్పాను. ఎందుకని అడగలేదు, ఇప్పుడు అడగడం మానేశాడు. కాళమ్మతో అన్నాను, నీ చేతి సెట్టుతో నీకు తోచిన ఒక్కడిని పిలువు, ఎవడో నాకు చెప్పకు, ఒక్క మాట చెప్పి నువ్వు కూడా ఆపేయి. పన్నెండుకల్లా అందరూ కొమ్ము దగ్గర ఉండాలి, అంతే మాట.

తర్వాత టీ పెట్టుకున్నాను. సెట్టు లాక్కున్న ఆ వారం వదిలేస్తే, ఇరవై ఏళ్ళలో పగటిపూట ఆ వరండాలో గరగర లేకుండా టీ తాగడం ఇదే మొదలు. చెయ్యి రెండుసార్లు బటన్ మీదకు వెళ్ళింది. టీచరమ్మ చూసి కూడా చూడనట్టు ఊరుకుంది.

పదకొండున్నర దాటాక కొమ్ము దగ్గరకు ఒకటి వచ్చింది. తర్వాత మూడు. తర్వాత లెక్క తప్పేంత వేగంగా వచ్చాయి. యుగంధర్ వేళ్ళు పెట్టి లెక్కపెట్టాడు, ఇరవై ఆరు. లోకనాథం రాలేదు. వాడు నిద్రపోతున్నాడట. పది నిమిషాల్లో పక్క పడవవాడు తెడ్డుతో తట్టి లేపి తీసుకొచ్చాడు. సెట్టు లేకుండా, గొంతు లేకుండా, తెడ్డుతో.

పైడిబాబు జెట్టీ ఎక్కుతూనే కేకేశాడు. "మామ్మా, నువ్వెవుణ్ణి పిలిసినావు?"

"నాను పిలవలేదు."

"మరెవురు?"

కాళమ్మ కూడా చెప్పలేదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవడు మొదట పిలిచాడో ఎవడికీ తెలియదు, అయినా అందరూ వచ్చి నిలబడి ఉన్నారు. అంతకంటే గొప్ప మాట నా గురించి సంఘం ఏ పుస్తకంలో రాసినా నాకు ఎక్కదు.

యుగంధర్ నా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. వాడిలో కొంచెం పాత కొంటెతనం తిరిగి వచ్చినట్టుంది.

"తో మామ్మా, నువ్వు లేకపోయినా చలేగా అన్నమాట. ఇంక నీకు పనేముంది?"

"ఉన్నాది. వచ్చే గురువారం నీ నోరు మూయిస్తాను. సూద్దాం ఎవుడు పలుకుతాడో."